నిద్ర తగ్గితే కార్డు ఆఫ్: బైపోలార్ ఉన్నవాళ్లకి డబ్బు జాగ్రత్తలు

ఈరోజు టాపిక్ నాకు కొంచెం పర్సనల్. నాకు బైపోలార్ డిజార్డర్ ఉంది. జాబ్ చేసే రోజుల్లో ఒకసారి వరసగా నాలుగు రాత్రులు రెండేసి గంటలే పడుకున్నా. అలసట మాత్రం అస్సలు లేదు. ఆ నాలుగు రోజుల్లో కెమెరా, రెండు లెన్సులు కొనేసి, ఫ్రెండ్స్ అందరికీ గోవా టికెట్లు బుక్ చేశా. మొత్తం 1,80,000. అప్పుడు నా జీతం 45,000. బిల్లు వచ్చేసరికి మూడ్ పూర్తిగా పడిపోయింది. "అంత డబ్బు ఏం చేశావురా?" అని అమ్మ అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

దీన్ని దుబారా అనుకోకండి. మేనియా, అంటే మూడ్ మరీ హై అయిపోయినప్పుడు, నిద్ర అవసరం తగ్గుతుంది, ఆలోచనలు పరిగెడతాయి, చేతికి అందినట్టు ఖర్చుపెట్టేస్తాం. డాక్టర్లు చూసే లక్షణాల్లో ఇదీ ఒకటి. ఆ టైంలో "ఇది నాకు అవసరమా?" అనే డౌటే రాదు. అందుకే "కొంచెం కంట్రోల్ చేసుకో" అంటే లాభం లేదు. బాగున్నప్పుడే అడ్డుకట్టలు కట్టి పెట్టుకోవాలి.

ఒకటి, రెండు అకౌంట్లు పెట్టుకోండి. జీతం, అద్దె, ఈఎంఐలు ఒక దాంట్లో. యూపీఐకి రెండోది మాత్రమే లింక్ చేసి, అందులో వారం ఖర్చుకి సరిపడా వేసుకోండి.

రెండు, కార్డు. ఆన్‌లైన్ వాడకాన్ని ఆఫ్ చేసుకునే, లిమిట్ తగ్గించుకునే సదుపాయం బ్యాంకులు ఇవ్వాలని ఆర్బీఐ 2020లోనే రూల్ పెట్టింది. మీ బ్యాంక్ యాప్‌లో చూడండి. షాపింగ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డులు తీసేయండి. "లిమిట్ పెంచుతాం" అని మెసేజ్ వస్తే ఓకే నొక్కకండి.

మూడు, లోన్ యాప్‌లు ఫోన్‌లో ఉంచకండి. ఒకవేళ తీసేసుకున్నారా? ఆర్బీఐ పరిధిలోని సంస్థల డిజిటల్ లోన్లకి కూలింగ్ ఆఫ్ పీరియడ్ ఉంటుంది, కనీసం ఒక రోజు. ఆలోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ ఉండదు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం పోవచ్చు.

నాలుగు, నమ్మకమైన మనిషి ఒకరు. నాకు మా అక్క. "రెండు రాత్రులు నిద్రపోకుండా హుషారుగా తిరుగుతుంటే నా కార్డు తీసుకో, డాక్టర్‌కి ఫోన్ చెయ్" అని బాగున్నప్పుడే రాసిచ్చా. పిన్, ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పలేదు. 3,000 దాటిన ఏ వస్తువైనా రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోయాకే కొంటా.

ఇప్పటికే ఖర్చు అయిపోయిందా? ముందు రిటర్న్, క్యాన్సిల్ అయ్యేవి చూడండి. తర్వాత డ్యూ డేట్ రాకముందే బ్యాంక్‌కి ఫోన్ చేసి ఈఎంఐగా మార్చే వీలుందా అడగండి. మినిమం డ్యూ మాత్రమే కడితే మిగతాదానిపై భారీ వడ్డీ పడుతూనే ఉంటుంది.

ఇవేవీ మందులకి బదులు కాదు. బాగున్నాం కదా అని మనంతట మనం మందులు ఆపకూడదు. అప్పు చూసి బతకాలని లేదనిపిస్తే వెంటనే 14416కి కాల్ చేయండి. అది టెలి మానస్, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంట్లోవాళ్లు వింటుంటే ఒక్క మాట. బిల్లు చూసి తిట్టే ముందు "నిద్ర పడుతోందా?" అని అడగండి. ఆ రోజు నన్ను ఎవరైనా అలా అడిగి ఉంటే, అంతదాకా వచ్చేది కాదేమో.