శరీరంలో ఆక్సలేట్ ఉత్పత్తిని కొలవడం

ఆక్సలేట్ అనునది ఆక్సాలిక్ ఆమ్లపు లవణ రూపము. మూత్రపిండాలలో ఏర్పడే రాళ్లలో అధికభాగం కాల్షియం ఆక్సలేట్ రాళ్లే. పాలకూర, చుక్కకూర, వేరుశనగ వంటి ఆహారం ద్వారా కొంత ఆక్సలేట్ శరీరంలోకి చేరుతుంది. మిగిలినదానిని శరీరమే, ముఖ్యంగా కాలేయం, తయారు చేస్తుంది. విటమిన్ సి విచ్ఛిన్నమైనపుడు కూడా కొంత పుడుతుంది. మూత్రంలోని ఆక్సలేట్‌లో ఆహారపు వాటా 10-20 శాతమేనని చాలాకాలం భావించారు. అది సగం వరకు ఉండవచ్చునని 2001లో హోమ్స్, గుడ్‌మన్, అసిమోస్ చూపారు.

కొలిచే విధానం

ఆహారంలోని ఆక్సలేట్ విలువలు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికలలో ఉన్నాయి. లోపల తయారయ్యేదానిని కొలవడమే చిక్కు. మానవ శరీరం ఆక్సలేట్‌ను విచ్ఛిన్నం చేయలేదు. రక్తంలో చేరినది చాలావరకు మూత్రంలో పోతుంది. కాబట్టి కొన్ని రోజులు ఆక్సలేట్ బహు తక్కువగా ఉన్న ఆహారమిచ్చి, 24 గంటల మూత్రాన్ని పరీక్షించడం పాత పద్ధతి. కొంత ఆక్సలేట్ పేగులలోకి పోవడం వలన ఈ లెక్కలో లోపం ఉంటుంది.

రెండవ పద్ధతిని కర్నూలు-కడప కాలువతో పోల్చి చెప్పవచ్చు. కాలువలో గంటకు ఇంత అని రంగునీరు సమంగా పోస్తూ, దిగువన రంగు ఎంత పలచబడిందో చూస్తే ప్రవాహం ఎంతో తెలుస్తుంది. ఇక్కడ రంగుకు బదులు కార్బన్-13 గల ఆక్సలేట్‌ను నరం ద్వారా ఎక్కిస్తారు. ఇది రేడియోధార్మికం కాదు. గంటకు 1 మిల్లీగ్రాము ఎక్కించినపుడు మూత్రంలో ఇది ఒక పాలు, మామూలుది రెండు పాళ్లు ఉన్నాయనుకుందాం. అపుడు గంటకు 2 మిల్లీగ్రాముల మామూలు ఆక్సలేట్ రక్తంలో చేరుతున్నదన్నమాట. ఆహారంలో ఆక్సలేట్ లేకుంటే అదంతా శరీరపు ఉత్పత్తే.

రాయలసీమలో

కర్నూలు, కడప ప్రాంతాల వేసవిలో చెమట ఎక్కువై మూత్రం తగ్గుతుంది. ఆక్సలేట్ పెరగకున్నా మూత్రం సగమైతే గాఢత రెట్టింపవుతుంది. అందువలన గాఢతను మాత్రమే చూసి ఉత్పత్తిని నిర్ణయించరాదు; రోజు మొత్తం పరిమాణం కావాలి. పొలం పనికి వెళ్లేవారికి 24 గంటల సేకరణ కష్టమే. ఒక్కసారి వదిలేసినా లెక్క తగ్గుతుంది కనుక క్రియాటినిన్‌ను కూడా కొలిచి సరిచూస్తారు. సీసాలో ఆమ్లం వేయకపోతే నిలవలో విటమిన్ సి ఆక్సలేట్‌గా మారి లెక్క పెరగవచ్చు.

రోజుకు సుమారు 45 మిల్లీగ్రాముల లోపు సాధారణం. ఆకుకూరలు మానినా విలువ బాగా హెచ్చుగా ఉంటే, ముఖ్యంగా పిల్లలలో, ప్రాథమిక హైపర్‌ఆక్సలూరియా అనే జన్యువ్యాధిని అనుమానించాలి. తల్లిదండ్రులిద్దరి నుండి లోపమున్న జన్యువు వస్తేనే ఇది కలుగుతుంది. మేనరికాలలో ఆ అవకాశం ఎక్కువ. దీని మొదటి రకంలో కాలేయపు ఉత్పత్తిని తగ్గించే లుమాసిరాన్ అనే మందుకు 2020లో అమెరికా, ఐరోపాలలో అనుమతి లభించింది.