గోడ మీద తిట్టు రాస్తే ఏం జవాబు చెప్పాలి?



కిందటి నెల గోడపత్రికలో మా ఊరి క్రిస్మస్ గురించి నేను రాసింది మీలో చాలామంది చదివారు. దాని కింద పెన్సిలుతో రాసినవి కూడా చదివే ఉంటారు. మూడు మాటలు, మూడు చేతిరాతలు. మొదటిది బూతు, అది మళ్ళీ రాయను. రెండోది "బియ్యం కోసం దేవుణ్ణి మార్చినోళ్ళు" అని. మూడోది "మరి కందికొత్తలకి మీ తాత ఇంటికి ఎందుకు పోవు?" అని.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మా రూమువాళ్ళు "అందరి నోటుపుస్తకాలు తెచ్చి చేతిరాత పోల్చి పట్టేద్దాం రా" అన్నారు. వార్డెన్ సారు "పేరు చెప్పు, నేను చూసుకుంటా" అన్నారు. పేరు నాకు తెలీదు. నేనూ ఒక జవాబు రాశాను, రెండు పేజీలు. అందులో ఒక్క మంచి మాట లేదు. చింపేశాను, వెతకొద్దు.

తిట్టినవాణ్ణి తిరిగి తిట్టకూడదని మాకు చిన్నప్పటినుంచీ చెప్తారు. అయితే నోరు మూసుకోవడమేనా? బైబిల్లో సామెతల గ్రంథం 26వ అధ్యాయంలో 4, 5 వచనాలు పక్కపక్కనే ఉంటాయి. మూర్ఖుడికి వాడి ధోరణిలో జవాబివ్వొద్దు, నువ్వూ వాడిలాగే అయిపోతావని ఒకటి చెప్తుంది. ఇవ్వాలి, లేకపోతే తానే తెలివైనవాణ్ణనుకుంటాడని రెండోది చెప్తుంది. మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. ఎప్పుడు ఏది అనేది చదివినవాడే తేల్చుకోవాలన్నమాట. యేసును విచారణలో బంట్రోతు చెంపమీద కొట్టినప్పుడు ఆయన తిరిగి కొట్టలేదు, ఊరుకోనూ లేదు. నేను తప్పు మాట్లాడితే చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు. అది యోహాను సువార్త 18వ అధ్యాయంలో ఉంది.

నాకు బాగా పనికొచ్చింది నెహెమ్యా కథ. అదీ గోడ కథే. క్రీస్తుకు పూర్వం 445 ప్రాంతంలో ఆయన పారసీక రాజు దగ్గర ఉద్యోగి. సెలవు తీసుకుని వచ్చి, పడిపోయిన యెరూషలేము గోడ కట్టించడం మొదలెట్టాడు. సన్బల్లటు, టోబీయా అని ఇద్దరు వెక్కిరించారు. దానిమీద నక్క ఎక్కినా కూలిపోతుందన్నాడు టోబీయా. నెహెమ్యాకి కోపం రాలేదనుకోకండి. వాళ్ళ నింద వాళ్ళ తలమీదే పడాలని ప్రార్థన చేశాడు, అది చాలా ఘాటైన ప్రార్థన. కానీ ఆ కోపం దేవుడి దగ్గర చెప్పుకున్నాడు, వాళ్ళకి మాత్రం పంపలేదు. తర్వాత వాళ్ళు మాట్లాడుకుందాం రమ్మని నాలుగుసార్లు కబురు పెట్టారు. నాకు పని ఉంది, దిగి రాలేనని నాలుగుసార్లూ అదే జవాబు. అయిదోసారి మూత వెయ్యని ఉత్తరం పంపారు, అంటే దారిలో ఎవరైనా చదవొచ్చు. నువ్వు రాజువి కావాలని చూస్తున్నావట అని అందులో ఉంది. దానికి కూడా రెండు ముక్కలే: అలాంటిదేం లేదు, అది మీరు కల్పించింది. గోడ 52 రోజుల్లో పూర్తయింది.

అన్నిటికీ రెండు ముక్కలు సరిపోవు. 1963లో అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ అనే నల్లజాతి పాస్టరుని బర్మింగ్‌హామ్ ఊళ్ళో ఊరేగింపు తీసినందుకు జైల్లో పెట్టారు. అది ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే. ఎనిమిదిమంది తెల్ల మతగురువులు, అందులో ఏడుగురు క్రైస్తవులే, ఇది తొందరపాటు అని, బయటివాళ్ళు చేయిస్తున్నారని పేపర్లో ప్రకటన వేయించారు. తనమీద వచ్చే విమర్శలన్నిటికీ జవాబు రాస్తూ కూర్చుంటే వేరే పని సాగదని కింగే అన్నాడు. వీళ్ళు మాత్రం మంచి మనసుతోనే అన్నారని నమ్మి రాశాడు. కాగితం లేక పేపరు అంచుల్లో మొదలుపెట్టాడు. బయటివాడివన్నదానికి, ఆగమన్నదానికి, ఒక్కొక్క మాటకీ ఓపిగ్గా జవాబిచ్చాడు. వినోదాల పార్కుకి నల్లపిల్లల్ని రానివ్వరని ఆరేళ్ళ కూతురికి చెప్పలేక నోరు రాకపోవడం గురించి కూడా రాశాడు. ఆ మాటకి ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టం.

ఇప్పుడు నా మూడు మాటల సంగతి.

బూతుకి జవాబు లేదు.

బియ్యం మాటకి రెండు ముక్కలు. మా ఇంటి బియ్యం డీఆర్ డిపోవి. మీ ఇంట్లోవీ అక్కడివే.

మూడోది రాసినవాడు కోపంతో రాసినా నిజంగా అడిగాడు. అందుకే పెద్ద జవాబు. నాన్న సంఘంలో చేరినప్పుడు నేను మూడో తరగతి. కందికొత్తల్లో కొత్త కందులు ముందు ఊరి దేవతకి పెట్టి, తర్వాతే ఇంట్లో తింటారు కదా. పెట్టినదాంట్లో మేం తినం అన్నాడు నాన్న. తాత దాన్ని దేవుడి సంగతి అనుకోలేదు, తన చేతి కూడు వద్దన్నామనుకున్నాడు. రెండేళ్ళు మా గడప తొక్కలేదు. ఇప్పుడు వస్తాడు, నాకు చింతపండు ఉండలు తెస్తాడు, కందికొత్తల ఊసు మాత్రం ఎత్తడు. నాన్నా ఎత్తడు. నాన్న చెప్పింది తప్పని నేననను. తాతకి నొప్పి కలగలేదని కూడా అనలేను. క్రిస్మస్ వ్యాసంలో మా ఊరంతా సంతోషంగా చేసుకుంది అని రాశాను. తాత ఆ రోజు అడవికి పోయాడు, అది రాయలేదు. ఆ తప్పు నాదే.

ఈ ఏడు కందికొత్తలకి సారు పర్మిషన్ ఇస్తే వెళ్ళి తాత పక్కన కూర్చుంటానని కబురు పెట్టాను. తింటానో తిననో అక్కడికి వెళ్ళాక తేలుతుంది. నాన్నకి ఇంకా చెప్పలేదు.

కింద జాగా వదిలాను. ఎవరైనా రాయొచ్చు, పేరు పెట్టకపోయినా ఫర్వాలేదు. పెన్సిలుతోనే రాయండి, స్కెచ్ పెన్నుతో రాస్తే వెనక చార్టుకి దిగుతోంది.