శునకాలలో విటమిన్ల లోపం – రక్త పరీక్షల ద్వారా నిర్ధారణ

కోనసీమలో కుక్క ఇంటికే కాక కొబ్బరి తోటకు, చేపల చెరువుకు, ధాన్యపు కల్లానికి కూడా కావలి. మామిడికుదురు మండలంలోని నగరం వంటి గ్రామాలలో దానికి పెట్టేది ఎక్కువగా ఇంట మిగిలిన తెల్లన్నం, గంజి, మజ్జిగ అన్నం, చేపలు శుభ్రం చేయగా మిగిలిన తలలు, పేగులు. అది నీరసించి తిండి మానివేసినప్పుడు ముందుగా బి-కాంప్లెక్స్ సూదిమందు వేయించి, గుణం కనిపించకపోతే రక్త పరీక్షకు పంపడం పరిపాటి. ఈ వరుస సరైనది కాదు. సూదిమందు తరువాత తీసిన రక్తంలో ఇచ్చిన విటమినే కనిపిస్తుంది. అసలు లోపం మరుగున పడుతుంది. రక్త నమూనా ముందు, విటమిన్ తరువాత అన్నదే ఇక్కడ ప్రధాన నియమం.

అన్ని విటమిన్లకు ఒకే పరీక్ష చాలదు

విటమిన్ల లోపాన్ని రక్తంలో రెండు విధాలుగా గుర్తిస్తారు. మొదటిది, విటమిన్ పరిమాణాన్ని నేరుగా కొలవడం. రెండవది, ఆ విటమిన్ చేయవలసిన పని జరుగుతున్నదా అని చూడడం. విటమిన్ 'సి'ని కుక్క తన కాలేయంలోనే తయారు చేసుకుంటుంది కనుక దానికి సాధారణంగా పరీక్ష అవసరం లేదు. విటమిన్ 'ఎ' కాలేయంలో నిల్వ ఉంటుంది. ఆ నిల్వ బాగా తరిగే వరకు రక్తంలో లోపం బయటపడదు. అందుచేత ఏ విటమిన్‌ను అనుమానిస్తున్నామో ముందే నిర్ణయించుకుని పరీక్ష కోరాలి.

థయమిన్ (బి1)

మరలో బాగా తెల్లగా పట్టిన బియ్యంలో తవుడుతో పాటు థయమిన్ కూడా పోతుంది. కడుగు నీటిలో, వార్చిన గంజిలో మరికొంత పోతుంది. కొన్ని జాతుల పచ్చి చేపలలో, ముఖ్యంగా వాటి పేగులలో, థయమిన్‌ను ధ్వంసం చేసే థయమినేజ్ అనే ఎంజైము ఉంటుంది. తెల్లన్నంతో పచ్చి చేపల వ్యర్థాలను రోజూ పెడితే రెండు వైపులా నష్టమే. తిండి మానివేయడం, వాంతులు, తూలుతూ నడవడం, కనుపాపలు పెద్దవి కావడం, చివరకు మూర్ఛలు దీని లక్షణాలు.

నిర్ధారణకు మొత్తం రక్తంలోని థయమిన్ డైఫాస్ఫేట్‌ను కొలుస్తారు. లేదా ఎర్ర రక్తకణాలలో ట్రాన్స్‌కీటోలేజ్ ఎంజైము పనితీరును పరిశీలిస్తారు. పరీక్షనాళికలో థయమిన్ డైఫాస్ఫేట్ కలిపినప్పుడు ఎంజైము చురుకుదనం బాగా పెరిగితే లోపం ఉన్నట్లు. నాడీ లక్షణాలు ఉన్న కుక్కకు నమూనా తీసిన వెంటనే పశువైద్యుడు థయమిన్ ఇవ్వాలి. ఫలితం కోసం ఆగితే ప్రాణాపాయం.

బి12, ఫోలేట్

లీటరు సీరంలో బి12 సుమారు 250 నానోగ్రాములకు తగ్గితే సాధారణంగా లోపంగా పరిగణిస్తారు; ఈ హద్దు ప్రయోగశాలను బట్టి కొంత మారుతుంది. చేప, మాంసం తినే కుక్కలో బి12 తగ్గితే అది తరచుగా ఆహార లోపం కాదు, జబ్బుకు సూచన. బి12 చిన్నప్రేగు చివరి భాగంలో గ్రహింపబడుతుంది. అందుకు అవసరమైన ప్రోటీన్ కుక్కలో ప్రధానంగా క్లోమం నుండి వస్తుంది. అందువల్ల దీర్ఘకాలిక విరేచనాలు, బరువు తగ్గడం ఉన్న కుక్కలో బి12తో పాటు క్లోమాన్ని పరీక్షించే టి.ఎల్.ఐ. కూడా చేయించాలి.

ఫోలేట్ చిన్నప్రేగు పైభాగంలో గ్రహింపబడుతుంది కనుక ఈ రెంటినీ కలిపి చూస్తే జబ్బు ప్రేగులో ఏ భాగాన ఉన్నదో కొంత తెలుస్తుంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నేతృత్వంలోని లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో సంశ్లేషించిన ఫోలిక్ ఆమ్లం ఈ ఫోలేట్‌కు చెందినదే.

విటమిన్ డి

కుక్క చర్మం ఎండ సహాయంతో చాలినంత విటమిన్ 'డి'ని తయారు చేయలేదు. అది ఆహారం నుండే రావాలి. నిల్వను తెలుసుకోవడానికి 25-హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష చేస్తారు. అయితే అన్నం, మాంసం మాత్రమే తినే పిల్లలలో కాళ్లు వంకర పోవడానికి తరచు కారణం కాల్షియం కొరత. శరీరం ఎముకల నుండి కాల్షియం తీసి రక్తంలో స్థాయిని నిలుపుతుంది కనుక రక్త కాల్షియం మామూలుగానే కనిపించవచ్చు. ఎక్స్‌రే, ఆహార వివరాలు కూడా చూడాలి. పరీక్ష లేకుండా విటమిన్ 'డి' అధికంగా ఇస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

విటమిన్ కె – ఎలుకల మందు

కొబ్బరి తోటలలో, వరి పొలాలలో ఎలుకల నివారణకు వాడే బ్రోమోడయోలోన్ ఎరను గాని, దానిని తిన్న ఎలుకలను గాని కుక్కలు తింటే శరీరం విటమిన్ 'కె'ను తిరిగి వినియోగించుకోలేదు. ఎర తిన్న కొన్ని రోజులకు రక్తస్రావం, ఆయాసం, చిగుళ్లు పాలిపోవడం కనిపిస్తాయి. ఇక్కడ విటమిన్‌ను కాక రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలవాలి. ప్రోత్రాంబిన్ సమయం రక్తస్రావానికి ముందే పెరుగుతుంది కనుక ఎర తిన్నదన్న అనుమానం రాగానే పరీక్షిస్తే కుక్కను కాపాడవచ్చు. చికిత్సకు విటమిన్ కె1 వాడాలి, కె3 పనిచేయదు. సాధారణంగా మూడు నాలుగు వారాల చికిత్స ముగిసిన 48 గంటల తరువాత మళ్లీ పరీక్షించాలి.

రక్తం స్పష్టంగా చెప్పలేని లోపం

నియాసిన్ లోపంతో కుక్కకు నల్లనాలుక వ్యాధి వస్తుంది. 1937లో ఎల్వెహమ్ ఈ వ్యాధిని నికోటినిక్ ఆమ్లంతో నయం చేసి మనుషులలోని పెల్లాగ్రాకు దారి చూపాడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు జొన్న తినేవారిలో పెల్లాగ్రాను అర్థం చేసుకునేందుకు కుక్కలపై ప్రయోగాలు చేశారు. ఈ లోపాన్ని రక్త పరీక్ష కంటే నోటి పుండ్లు, ఆహార చరిత్ర, చికిత్సకు వచ్చే స్పందన బాగా తెలియజేస్తాయి.

నమూనా సేకరణలో జాగ్రత్తలు

- బి12, ఫోలేట్ పరీక్షలకు సుమారు 12 గంటలు ఆహారం పెట్టకుండా నమూనా తీయాలి. నీరసించిన చిన్న పిల్లలను ఇంతసేపు పస్తు ఉంచరాదు.
- వీటికి సీరం, థయమిన్‌కు ఇ.డి.టి.ఎ. కలిపిన రక్తం, గడ్డకట్టే సమయానికి సిట్రేట్ గొట్టం వాడాలి. సిట్రేట్ గొట్టాన్ని గీత వరకు సరిగా నింపాలి.
- ఎర్ర కణాలు పగిలితే వాటిలోని ఫోలేట్ బయటకు వచ్చి ఫలితం తప్పుగా పెరుగుతుంది. నమూనాను కుదపరాదు.
- గొట్టాన్ని వెలుతురు సోకకుండా చుట్టి, చల్లగా ఉంచి పంపాలి.
- ఇదివరకే విటమిన్లు ఇచ్చి ఉంటే మందు పేరు, తేదీ చీటీలో రాయాలి.

మనుషుల ప్రయోగశాలలో పరీక్ష చేయించినా ఫలితాన్ని మనుషుల ప్రమాణాలతో పోల్చరాదు. పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీకియా వంటి వ్యాధులలోనూ రక్తహీనత, నీరసం, రక్తస్రావం కనిపిస్తాయి కనుక రక్తకణాల లెక్కింపు, రక్తపు పూత పరీక్ష కూడా చేయించాలి. చేపల వ్యర్థాలను ఉడికించి పెట్టడం, ఎలుకల ఎరను కుక్కలకు అందని చోట ఉంచడం, చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెట్టడం ఖర్చు లేని నివారణ చర్యలు. జబ్బు చేసిన కుక్కను ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడు అది గత నెల రోజులుగా ఏమి తిన్నదో పశువైద్యునికి చెప్పడం రైతు చేయగల మొదటి సహాయం. ఏ పరీక్ష అవసరమో ఆ వివరాలను బట్టే నిర్ణయిస్తారు.