అడవి అంచున పశుశరణాలయము

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు మార్గమున చాల దూరము అడవి తోడుగా వచ్చును. పాల్వంచ చేరువ కిన్నెరసాని అభయారణ్యము కలదు. గోదావరి దాటిన పిదప ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఎంతో దూరము లేదు. ఆ దిక్కు నుండి పశువులను కిక్కిరియ నింపుకొని వచ్చు వాహనములను పోలీసులు ఆపుట ఈ ప్రాంతమున తరచు వినబడు వార్తయే. సరకు వాహనమున ఆరు పశువులకు మించి ఎక్కింపరాదని 1978 నాటి నిబంధన చెప్పుచున్నది. పట్టుబడిన పశువులను వ్యాజ్యము తేలువరకు గోశాలకో, పశుసంక్షేమ సంస్థకో అప్పగించుటకు 2017లో వేరుగా నిబంధనలు ఏర్పడినవి. ముసలి ఎద్దులు, ఒట్టిపోయిన ఆవులు, కోడెదూడలు ఇట్లు శరణాలయమునకు చేరును. పశువును లారీ నుండి దింపుట ఒక పూట పని. దానిని బ్రతికించుట ఏండ్ల పని. అందుకు దయతోపాటు కొంత జీవశాస్త్రము కూడ కావలెను.

నీరు, మేత లేక నిలువుకాళ్లపై ప్రయాణము చేసిన పశువు పైకి కుదురుగా కనబడినను లోపల ఒక మార్పు జరుగుచుండును. గొంతువాపు వ్యాధిని కలిగించు పాశ్చురెల్లా సూక్ష్మజీవులు ఆరోగ్యముగానున్న కొన్ని పశువుల గొంతులో ఏ హానియు చేయక నివసించుచుండును. అలసట, ఆకలి, వాన తడుపు కలిసినప్పుడు కార్టిసాల్ అను హార్మోను రక్తములో పెరిగి రోగనిరోధక శక్తిని తగ్గించును. అదను చూచి ఆ సూక్ష్మజీవులు విజృంభించును. సాయంకాలము మేసిన పశువు తెల్లవారునప్పటికి గొంతు వాచి చనిపోవుట ఈ వ్యాధిలో వింత కాదు. వానాకాలమున ఇది ఎక్కువ కావున టీకా తొలకరికి ముందే వేయింపవలెను.

గాలికుంటు వ్యాధి వేరొక తీరు. దాని వైరసు సోకిన తరువాత రెండు దినములు మొదలు పదునాలుగు దినముల వరకు లక్షణములు బయటపడకపోవచ్చును. కావున క్రొత్తగా వచ్చిన పశువులను కనీసము మూడు వారములు పాత మందకు దూరముగా ఉంచి, వేరు తొట్టిలో నీరు పెట్టవలెను. వేరు పనివాడు దొరకని చోట, పాత పశువుల పని ముగించిన పిదపనే క్రొత్తవాని వద్దకు పోవలెను గాని ఆ కాళ్లతో తిరిగి రాకూడదు. పైసా ఖర్చు లేని ఈ క్రమమే సామాన్యముగా తప్పిపోవుచుండును.

అడవి అంచున ఉన్నవారికి పట్టణపు గోశాలకు లేని బాధ్యత ఒకటి కలదు. కిన్నెరసాని అడవులలో అడవిదున్నలు తిరుగును. అడవిదున్న ఆవుకు దగ్గరి చుట్టము. ఆవుకు సోకు రోగములు పెక్కు దానికిని సోకును. 1968లో బండీపూర్, ముదుమలై అడవులలో రిండర్‌పెస్టు వ్యాపించి అడవిదున్నల మందలు తుడిచిపెట్టుకొని పోయినవి. ఆ రోగము 2011లో ప్రపంచమంతటను నిర్మూలమైనట్లు ప్రకటింపబడినది. గాలికుంటు మాత్రము పోలేదు. అడవిలో టీకా వేయువారు లేరు; ఒకే వాగులో నీరు త్రాగుట చాలును. అందుచేతనే అభయారణ్యమునకు ఐదు కిలోమీటర్ల లోపల ఉన్న పశువులకు అంటురోగముల టీకాలు వేయింపవలెనని వన్యప్రాణి సంరక్షణ చట్టమున 1991లో ఒక విధి చేర్చిరి. చుట్టుపట్ల కోయగూడెముల పశువులును అదే అడవిలో మేయును. శరణాలయపు ఒక్క పశువు తెచ్చిన జబ్బు వారి దుక్కిటెడ్లను పడవేయవచ్చును. తనిఖీ చేయని పశువును అడవిలోనికి తోలుట కంటె కట్టివేసి మేపుటయే మేలు.

కట్టివేసి మేపుట అనగానే మేత ప్రశ్న వచ్చును. నిజమునకు గడ్డిని జీర్ణము చేయునది ఆవు కాదు. దాని మొదటి పొట్టలో, అనగా రూమెన్‌లో, కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిలోని సెల్యులోజును పులియబెట్టి కొవ్వు ఆమ్లములుగా మార్చును. ఆవు వానిని పీల్చుకొని బ్రతుకును. ఈ సూక్ష్మజీవులు పెరుగుటకు నత్రజని కావలెను. మేతలో మాంసకృత్తులు నూటికి ఏడు పాళ్లైనను లేనిచో అవి నీరసించును. ఎండు వరిగడ్డిలో ఉండునవి మూడు, నాలుగు పాళ్లే. అందుచేత వట్టి వరిగడ్డి మేసిన పశువు కడుపు నిండి కూడ చిక్కిపోవును. చూచువారికి ఇది ముసలితనముగా తోచును.

దీనికి యూరియా వైద్యము ఒకటి కలదు. నూరు కిలోల ఎండుగడ్డికి నాలుగు కిలోల యూరియాను సుమారు అరువది లీటర్ల నీటిలో కరగించి పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండ మూడు వారములు కప్పి ఉంచవలెను. వెలువడిన అమ్మోనియా గడ్డిని మెత్తబరచి నత్రజనిని చేర్చును. లేగదూడలకు ఈ గడ్డి పెట్టరాదు. యూరియా నీళ్ల బాల్చీని పశువుకు అందునట్లు వదలుట ప్రాణాంతకము.

ఖమ్మము రైతులకు పరిచితమైన మరియొక మార్గము సుబాబులు. కాగితపు మిల్లుల కొరకు ఈ చెట్టును ఇక్కడ విరివిగా పెంచుదురు. కలప పోగా మిగిలిన ఆకులో మాంసకృత్తులు నూటికి ఇరువది పాళ్ల వరకు ఉండును. కాని దానిలో మిమోసిన్ అను విషపదార్థము కూడ కలదు. ఎక్కువ తినిన పశువుకు వెండ్రుకలు రాలును. రూమెన్‌లో మిమోసిన్ మారి ఏర్పడు మరొక పదార్థము వలన గొంతు గ్రంథి వాచును. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు రేమండ్ జోన్స్, హవాయి దీవుల మేకలు ఈ ఆకును తినియు చెడకుండుట గమనించెను. 1980 దశకపు మొదటిలో వాని రూమెన్ సూక్ష్మజీవులను ఆస్ట్రేలియా పశువులకు ఎక్కింపగా అవియు తట్టుకొనినవి. ఆ పని చేసిన సూక్ష్మజీవికి తరువాత ఆయన పేరు మీదుగానే సినర్జిస్టిస్ జోన్సీ అని నామకరణము చేసిరి. శరణాలయములో మాత్రము సుబాబులును మొత్తము మేతలో మూడవ వంతుకు మించనీయక, కొలదికొలదిగా అలవాటు చేయుట క్షేమము.

విద్యార్థులు ఈ లెక్కను తరగతిలో వేసి చూడవచ్చును. పశువు తన బరువులో నూటికి రెండున్నర పాళ్ల పొడిమేత తినుననుకొందము. 240 కిలోల నాటు పశువుకు దినమునకు ఆరు కిలోలు. యాభై పశువులకు 300 కిలోలు, ఏడాదికి సుమారు 110 టన్నులు. ఎకరము వరి నుండి రెండు టన్నుల గడ్డి వచ్చుననుకొనినను యాభై అయిదు ఎకరముల గడ్డి కావలెను. ఈ లెక్క వేయకుండ షెడ్డు కట్టువారే ఎక్కువ.

మేతలేమి ఒక ప్రమాదమైతే భక్తి మరొకటి. పుణ్యమునకై అన్నము, పులిహోర, అరటిపండ్లు గంపలతో తెచ్చి పెట్టువారు కలరు. సెల్యులోజు మెల్లగా పులియును. అన్నములోని పిండి పదార్థము ఒక్కసారిగా పులిసి లాక్టిక్ ఆమ్లము పుట్టును. రూమెన్‌లో ఆమ్లము హెచ్చి గడ్డిని పులియబెట్టు సూక్ష్మజీవులు చచ్చును. తుదకు పశువు పడిపోవును. ఆకలిగొని వచ్చిన పశువుకు మొదటి దినమున పెట్టవలసినవి నీరు, ఎండుగడ్డియే.

ఎంతమందిని చేర్చుకొనవలెనను దానికి హద్దు ఉండవలెను. వేములవాడలో భక్తులు మొక్కుగా కోడెలను సమర్పింతురు. అక్కడి తిప్పాపూర్ గోశాలలో సామర్థ్యమునకు మించి కోడెలు చేరగా 2025 మే నెలలో కొన్ని మరణించినవి. చోటు చాలని చోట బలమైనది మేయును, బలహీనమైనది బురదలో పడియుండును. నిండిన శరణాలయము క్రొత్త పశువును కాదనుట కఠినముగా తోచినను అది లోపలి వానిపై దయయే. అదే కారణమున కోడెలకు విత్తులు కొట్టించి, మందలో సంతానము పెరుగనీయకుండుట కూడ అవసరము.

పట్టణముల నుండి వచ్చు పశువులలో వేరొక చిక్కు కనబడును. పుట్టపర్తిలో 2000లో ఏర్పడిన కరుణా సొసైటీ వారు అట్టి పశువులకు శస్త్రచికిత్స చేసి రూమెన్ నుండి పదుల కిలోల ప్లాస్టిక్కు తీసిరి. 2012లో వారు సుప్రీంకోర్టుకు కూడ వెళ్లిరి. ప్లాస్టిక్కు రూమెన్‌లో అరగదు, ముందుకు పోదు. చోటును ఆక్రమించి ఆకలిని చంపును.

శరణాలయమునకు వచ్చు పశువులలో చాల వరకు వృద్ధాప్యముననే చనిపోవును. ఇక్కడ మరల అడవి మాట వచ్చును. కీళ్లనొప్పులకు పూర్వము విరివిగా వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరములో మిగిలి, దానిని తినిన రాబందుల మూత్రపిండములను చెరచెను. పశువులకు దానిని వాడుటను మనదేశము 2006లో నిషేధించెను. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించిరి. మెలాక్సికమ్ రాబందులకు హాని చేయదు; మందుల పెట్టెలో ఉండవలసినది అది. అకస్మాత్తుగా చచ్చి, ముక్కు నుండి గడ్డకట్టని నల్లని రక్తము కారు పశువును ఎవరును కోయరాదు, చర్మము ఒలువరాదు. అది దొమ్మ రోగము కావచ్చును. దాని బీజములు నేలలో పదుల ఏండ్లు బ్రతికియుండును. పశువైద్యునికి కబురు చేసి, వాగుకు దూరముగా ఆరడుగుల గొయ్యి త్రవ్వించి, సున్నము చల్లి పూడ్చి, పైన ముండ్లకంప వేయవలెను.