పోటు చూసి పడవ

మా తాండూరు కాగ్నాలో ఎండాకాలం పడవ మాట దేవుడెరుగు, నడిచే దాటుతాం. కానీ ఆ నీరు భీమానదిలో పడి కృష్ణకు చేరుతుంది. వికారాబాద్ అనంతగిరిలో పుట్టిన మూసీ చేరేదీ కృష్ణకే. కృష్ణ నీటితో కొమ్మమూరు కాలువ పెదగంజాం పోయి బకింగ్‌హాం కాలువను అందుకుంటుంది. అక్కణ్ణుంచి సముద్రపు ఒడ్డు వెంట, మద్రాసు మీదుగా మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు!

అందులో పడవ నడిపిన మా హాస్టలు మిత్రుడి తాతగారిని అడిగాను. ఏటి మొగల దగ్గర ఇసుక మేటేస్తుందట. గెడ దింపి లోతు చూసుకుంటూ, పోటు ఎక్కుతున్నప్పుడే దాటాలి. అడుగు తగులుకున్నా పెరిగే నీరే లేపుతుంది. నిండు పోటు మీద ఇసుకెక్కిందా, మళ్లీ పోటు దాకా పన్నెండు గంటలు వంటా, నిద్రా!

1965, 1966 తుపానులు కాలువను పాడుచేశాయి. 2008లో జాతీయ జలమార్గమన్నారు, బాగానే ఉంది. పూడిక తీయకుండా పడవ ఎట్లా పోతుంది?