పిల్లి కూనను తల్లినుండి ఎప్పుడు వేరుచేయవచ్చు?

పిల్లి అపవిత్ర జంతువు కాదన్న సంగతి పాఠకులకు తెలిసినదే. హజ్రత్ అబూ ఖతాదా (రజి) తమ వుజూ నీటిపాత్రను పిల్లి త్రాగడానికి వీలుగా వంచి పట్టిన ఉదంతం హదీసు గ్రంథాలలో ప్రసిద్ధం. ఆ సందర్భంలో వచ్చిన ‘తవ్వాఫీన్’ అన్న అరబీ పదం తెలుగులో ఒక్క మాటకు ఇమడదు. ఇంటిలో మన చుట్టూ తిరుగాడేవారు, అంటే దాదాపు ఇంటి మనుషులు అని దాని భావం. మరి ఆ ఇంటిమనిషి ఏ వయస్సులో మన గడప దాటి లోపలికి రావాలి?

ప్రయాణంలో ఒక చిన్న పక్షి పిల్లలను కొందరు సహాబీలు పట్టుకొనగా, తల్లి వచ్చి రెక్కలు కొట్టుకొన్నదనీ, దైవప్రవక్త (స) ఆ పిల్లలను తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారనీ అబూ దావూద్ గ్రంథంలో ఉన్నది. షాఫియీ ఫిఖ్హ్ గ్రంథాలు పశువు విషయంలో ఒక హద్దు గీశాయి: పిల్లకు తల్లిపాల అవసరం తీరకముందు వాటిని విడదీయరాదు. ఈ అవసరం తీరడాన్నే ‘ఇస్తిగ్నా’ అంటారు. పిల్లి కూన విషయంలో చిక్కంతా ఈ మాటలోనే ఉన్నది.

కూన నాలుగవ వారంలో మెత్తని ఆహారం రుచి చూడనారంభిస్తుంది. అయిదవ వారంలో పళ్ళెంలోది నాకుతుంటే చూసి, “తింటున్నది గదా, తీసుకుపోండి” అంటారు మనవాళ్ళు. అది ఇస్తిగ్నా కాదు. పాలు పూర్తిగా మానడానికి సుమారు ఎనిమిది వారాలు పడుతుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. నిజమే, కాని తిప్పేది తల్లే, వెంట ఉండేదీ తల్లే.

పాలు మానిన తరువాత కూడ కూన తల్లివద్ద నేర్చుకొనేది చాలా ఉన్నది. తోటి కూనలతో పెనుగులాడేటప్పుడు గట్టిగా కొరికితే అవతలిది అరచి ఆట మానేస్తుంది, తల్లి ఒక దెబ్బ వేస్తుంది. పంటిని ఎంతవరకు వాడాలో అది తెలుసుకొనేది అక్కడే. ఆ చదువు లేకుండా వచ్చిన కూన పసిపిల్లల చేతులు గీరి, కరచి, చివరకు వీధిపాలవుతుంది. తప్పు దానిది కాదు. ఫిన్లాండులో సుమారు 6000 పిల్లులను గూర్చిన సమాచారంతో 2017లో వెలువడిన పరిశోధన, ఎనిమిది వారాలకు ముందే వేరుచేసిన వాటిలో దూకుడు ఎక్కువని తేల్చింది. పద్నాలుగు వారాలవరకు ఆగడం మేలని ఆ పరిశోధకుల సలహా. నా దృష్టిలో ఎనిమిది వారాలు కనీసపు హద్దు, పన్నెండు మంచి గడువు. అయితే రెండవ వారంనుండి ఏడెనిమిది వారాలలోపు కూన మనుషుల చేతికి అలవాటు పడాలి. గోదాములో మనిషి ముఖం చూడకుండా పన్నెండు వారాలు పెరిగిన కూన బెదురుగానే మిగులుతుంది.

అమ్మేవారు చెప్పే వయస్సును నమ్మనవసరం లేదు, నోరు తెరచి చూడవచ్చు. మూడు నాలుగు వారాలకు ముందుపళ్ళు, ఆపై కోరలు, ఎనిమిది వారాలకు పాలపళ్ళు మొత్తం 26 వస్తాయి. అప్పటికి బరువు ముప్పాతిక కిలోనుండి కిలోవరకు ఉండాలి. టీకాలు ఆరు నుండి ఎనిమిది వారాలమధ్య మొదలై, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారవ వారం వరకు సాగుతాయి.

తల్లి చనిపోయిన కూన సంగతి వేరు. దానికి గడువు చూడక ఆశ్రయం ఇవ్వవలసిందే. కాని ఆవుపాలు పట్టరాదు, విరేచనాలు పట్టుకొని ప్రాణం మీదికి వస్తుంది. పశువైద్యుని అడిగి కూనలకు తయారుచేసిన పాలపొడి తేవాలి. మూడు వారాల లోపు కూన తనంతట మలమూత్రాలు విసర్జించలేదు. తల్లి నాకినట్లు, పాలు పట్టిన ప్రతిసారీ గోరువెచ్చని తడిగుడ్డతో తుడవాలి.

తల్లి ఉన్న కూనను తెచ్చుకొనేవారు తల్లి పడుకొన్న గుడ్డ ఒకటి వెంట తెచ్చుకొని, కొద్దిరోజులు పాత ఇంటి తిండే పెట్టి, మొదట ఒక్క గదిలోనే ఉంచితే సరిపోతుంది.