విదేశం నుంచి సొంతూరికి: పార్థివ దేహం ప్రయాణం వెనుక విజ్ఞానం

విదేశంలో పనిచేస్తున్న మనిషి అక్కడే కన్నుమూశాడని కబురు వచ్చినప్పుడు ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: 'ఎప్పుడు తీసుకొస్తారు?' జంషెడ్‌పూర్‌లో ఉక్కు కర్మాగారం పనికోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి ఇళ్లలోనైనా, మన పల్లెల్లోనైనా ఈ ఎదురుచూపు రోజుల తరబడి సాగవచ్చు. ఈ రోజుల్లో ఏం జరుగుతుందో తెలిస్తే, కుటుంబం ఒక ముఖ్యమైన నిర్ణయాన్ని సకాలంలో తీసుకోగలుగుతుంది.

మరణం తరువాత శరీరంలో ఏం జరుగుతుంది?

గుండె ఆగితే కణాలకు ఆక్సిజన్ అందదు. కణాల్లోని ఎంజైములు బయటపడి ఆ కణాలనే కరిగించడం మొదలుపెడతాయి. బతికున్నంత కాలం పేగులకే పరిమితమైన బ్యాక్టీరియా ఇతర భాగాలకు పాకుతుంది. అది ప్రొటీన్లను విడగొట్టినప్పుడు దుర్వాసన గల వాయువులు పుడతాయి, పొట్ట ఉబ్బుతుంది, చర్మం ఆకుపచ్చగా మారుతుంది. ఇవన్నీ రసాయన చర్యలే కాబట్టి వేడి పెరిగితే వేగం పెరుగుతుంది. మార్చురీలో సుమారు 4 డిగ్రీల సెల్సియస్ చలిలో ఉంచితే వేగం బాగా తగ్గుతుంది కానీ పూర్తిగా ఆగదు. విమానాశ్రయాల్లో వేచి ఉండే గంటల్లో ఆ చలి ఎప్పుడూ దొరుకుతుందన్న హామీ లేదు. అందుకే ఎంబామింగ్ అవసరమవుతుంది.

ఎంబామింగ్ అంటే?

మెడ దగ్గరో తొడ దగ్గరో చిన్న కోత పెట్టి, ధమని ద్వారా ఫార్మాలిన్ కలిపిన ద్రావణాన్ని ఎక్కిస్తారు. రక్తం సిర గుండా బయటకు వస్తుంది. ఫార్మాలిన్ అంటే నీటిలో కరిగిన ఫార్మాల్డిహైడ్ వాయువు. దీనికి కణజాలాన్ని గట్టిపరిచే గుణం ఉందని 1893లో జర్మన్ వైద్యుడు ఫెర్డినాండ్ బ్లూమ్ గుర్తించాడు. ఇది ప్రొటీన్ల మధ్య వంతెనల్లాంటి బంధాలు వేస్తుంది. అప్పుడు ఎంజైములు పనిచేయలేవు, బ్యాక్టీరియా చస్తుంది. అయినా ఇది శాశ్వత రక్షణ కాదు, కొంత గడువు మాత్రమే ఇస్తుంది. మరణించిన వెంటనే చేస్తే ఫలితం బాగుంటుంది, ఆలస్యమైతే తగ్గుతుంది.

ముందే అడగాల్సిన ప్రశ్న

మరణం మీద ఏ చిన్న అనుమానం ఉన్నా ఎంబామింగ్‌కు ముందే శవపరీక్ష, రక్త నమూనాల సేకరణ జరగాలి. ఎంబామింగ్‌లో రక్తం పోతుంది. సయనైడ్ లాంటి విషాలు ఫార్మాల్డిహైడ్‌తో కలిసి రూపు మారవచ్చు. ద్రావణాల్లో తరచూ మిథనాల్ ఉంటుంది కనుక మద్యం పరీక్షను నమ్మలేం. డీఎన్‌ఏ కూడా ముక్కలవుతుంది. ఇంటికి వచ్చాక రెండోసారి శవపరీక్ష చేయించినా అప్పటికి పోయిన ఆధారాలు తిరిగి రావు. అందుకే 'పోస్టుమార్టం అయ్యిందా, నివేదిక ఎవరిస్తారు?' అని భారత రాయబార కార్యాలయాన్ని తొలిరోజే అడగాలి.

పెట్టె, పత్రాలు

1954 నాటి విమాన ప్రజారోగ్య నిబంధనల ప్రకారం మృతదేహాన్ని జింకు లాంటి లోహపు పెట్టెలో, అతుకులన్నీ గాలి చొరబడకుండా మూసి తేవాలి. జింకు రేకు సులువుగా వంగుతుంది, అతుకు బాగా పట్టుకుంటుంది. బయట గట్టి చెక్కపెట్టె ఉంటుంది. ప్లేగు, ఆంత్రాక్స్, పచ్చజ్వరం లాంటి వ్యాధులతో మరణించినవారి దేహాలను తేవడానికి అనుమతి లేదు.

మరణ ధ్రువీకరణ పత్రం, ఎంబామింగ్ ధ్రువపత్రం, రాయబార కార్యాలయ నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు ప్రతి తప్పనిసరి. అనుమతులు త్వరగా ఇచ్చేందుకు కేంద్ర ఆరోగ్యశాఖ 2023 ఆగస్టులో 'ఈ-కేర్' అనే పోర్టల్‌ను ప్రారంభించింది. ఖర్చు భరించలేని కుటుంబాలు రాయబార కార్యాలయం ద్వారా భారతీయ సమాజ సంక్షేమ నిధి సాయం కోరవచ్చు. ఈ నిధి 2009 నుంచి ఉంది.

చివరి మజిలీ

జంషెడ్‌పూర్‌కు పెట్టె సాధారణంగా కోల్‌కతా నుంచి సుమారు 280 కిలోమీటర్లు, లేదా రాంచీ నుంచి సుమారు 130 కిలోమీటర్లు రోడ్డు మీద వస్తుంది. వేసవిలో ఈ దారికి శీతల వసతి ఉన్న వాహనాన్ని ముందే మాట్లాడుకోవడం మేలు.

పెట్టె తెరిచేటప్పుడు ఫార్మాల్డిహైడ్ ఆవిరి కళ్లనూ గొంతునూ మండిస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించింది. కనుక ఆరుబయటే తెరవాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఆస్తమా ఉన్నవారిని, పసిపిల్లలను దూరంగా ఉంచాలి. కోసిన రేకు అంచులు పదునుగా ఉంటాయని మరచిపోకూడదు. ముఖం బిగుసుకుని, రంగు మారి కనిపించవచ్చు. మెడ మీదో తొడ మీదో ఉన్న కుట్లు ఎంబామింగ్ కోతలవి కావచ్చు. చూసీ చూడగానే దెబ్బలనుకుని కంగారుపడకుండా, ధ్రువపత్రంతోనూ శవపరీక్ష నివేదికతోనూ సరిచూసుకోవాలి. అవి వివరించని గుర్తులుంటే దహనానికి ముందే పోలీసులకు, వైద్యులకు చెప్పాలి.

దహనం చేసేటప్పుడు జింకు పెట్టెను చితిలోకో విద్యుత్ కొలిమిలోకో పంపకూడదు. జింకు 420 డిగ్రీల దగ్గర కరిగి, 907 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఆ పొగ పీలిస్తే 'లోహజ్వరం' వస్తుంది. జింకు పూత పూసిన ఇనుమును వెల్డింగ్ చేసే కార్మికులకు ఈ జ్వరం కొత్త కాదు.

దూరదేశంలో పోయినవారి ముఖాన్ని చివరిసారి చూసుకోవాలనే కోరిక ఎవరికైనా సహజం. ఆ చూపు దక్కాలంటే త్వరగా ఎంబామింగ్ జరగాలి. మరణానికి కారణం తెలియాలంటే అంతకన్నా ముందు పరీక్ష జరగాలి. ఈ వరుస తప్పకుండా చూసుకోవడమే తొలిరోజు కుటుంబం చేయగలిగిన పెద్ద పని.